రేవు ఆటలో నాలుగో పిక్క

నేను ఒక చింతపిక్కలో ముప్పాతిక వంతును. తక్కిన పాతిక వంతు మగ్గాలపాలెంలో, తులశమ్మ ఇంటి మెట్టురాయి మీద పొడిగా రాలిపోయింది. ఆవిడే అరగదీసింది. ఒక చెంప పుట్టినట్టే నల్లగా, నున్నగా ఉంది. రెండో చెంప తెల్లగా, కాస్త గరుగ్గా తేలింది. నాతోపాటు మరో ముగ్గురికి అదే మర్యాద జరిగింది. మా చెట్టు పిక్కలన్నీ ఆ యేడు పిండై, గంజై, నూలుకు పట్టి, ఎవరెవరి ఒంటిమీదో చీరలై తిరుగుతున్నాయి. మేం నలుగురం మాత్రం చదునైన పాపానికి మిగిలాం.

పిక్కను అరగదీస్తే మనుషులకు ఏమొస్తుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తరవాత తెలిసింది. వాళ్ళు తేల్చుకోలేని సంగతుల్ని మాచేత తేల్పిస్తారు. పైకి ఎగరేసి, కింద పడ్డాక, ఎవరు తెల్లగా ఉన్నారో లెక్కపెట్టి, దాన్ని పైనుంచి దిగిన తీర్పులాగా ఒప్పుకుంటారు. ఒప్పుకోవాలని ముందుగా అనుకున్నది తామేనన్న సంగతి మళ్ళీ గుర్తుంచుకోరు.

తులశమ్మ భర్త మార్కండేయులు. నేతగాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో నాలుగు మగ్గంతో. తులశమ్మ తమ్ముడు భావనారాయణది పక్కిల్లే. అతనూ నేతగాడే. రెండు మగ్గాలకూ మధ్య ఒకటే గోడ. ఇటు పోగుల మధ్య నాడె కొట్టిన చప్పుడు అటు వినపడుతుంది. అయినా బావా బావమరుదులకు మాటల్లేవు.

కారణం ఒక చీర. భావనారాయణ కూతురి పెళ్ళికి మార్కండేయులు తన చేత్తో చీర నేసిచ్చాడు. పందిట్లో, పదిమందిలో, భావనారాయణ ఆ చీర అంచు పట్టి చూసి, "ఏందక్కా, అంచు పాములాగా పోయింది! మా బావ నిద్రలో నేశాడా?" అన్నాడు. నవ్వుదామనే అన్నాడు. పదిమందీ నవ్వారు కూడా. మార్కండేయులు కండువా దులిపి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ తరవాత భావనారాయణ అక్క ఇంటికి రావడం మానలేదు. మార్కండేయులు రావద్దనలేదు. తుఫాను రోజుల్లో, నేతగాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంటల్లోకి నీరూరి పని ఆగిపోతే ఇద్దరూ ఒకే చాప మీద, చెరో కొసన కూర్చునేవాళ్ళు.

"మీ తమ్ముణ్ణి గొడుగు తీసుకుపొమ్మను" అనేవాడు మార్కండేయులు.

"తడిస్తే కరిగిపోయే ఒళ్ళు కాదని చెప్పక్కా" అనేవాడు భావనారాయణ.

తులశమ్మ ప్రతి మాటనూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మొయ్యాలి. మొయ్యకపోతే, మూరెడు దూరంలో కూర్చుని కూడా, ఇద్దరూ వినపడనట్టే ఉండేవాళ్ళు. ఒకనాడు ఆవిడకు విసుగెత్తింది. "నేనేమన్నా నాడెనా, అటూ ఇటూ కొట్టుకోటానికి?" అని మమ్మల్ని నలుగుర్నీ చాప మధ్యలో గుమ్మరించింది. "ఆట ఆడదాం. ఇద్దరూ ఆడాలి. ఆడకపోతే ఈ పూట పొయ్యి వెలిగించను."

అలా పుట్టింది రేవు ఆట.

ఆ ఆటకు గళ్ళు లేవు, పావులు లేవు. ఒక ఏరు ఉంది. అది తులశమ్మ నోట్లో ఉంది. ఆవిడ చెప్పినంత వెడల్పు, ఆవిడ చెప్పినంత లోతు. మార్కండేయులు పడవవాడు. భావనారాయణ ఉప్పు బేరగాడు; ఎప్పుడు చూసినా బస్తాలతో ఏరు దాటవలసినవాడు. ఎదురింటి కోటిరత్నం చోద్యం చూడ్డానికొచ్చి, మంత్రసానిగా స్థిరపడింది. ఏటికి అవతల ఎవరో ఒకామె ఎప్పుడూ నొప్పులు పడుతూ ఉండాలని ఆవిడ పట్టు.

ఏరు దాటాలంటే పడవవాడు మమ్మల్ని వెయ్యాలి. నాలుగూ తెలుపైనా, నాలుగూ నలుపైనా పడవ గాలిలా పోయి ఒడ్డు చేరుతుంది. మూడు తెలుపులు పడితే చేరుతుంది గాని బస్తాలు తడుస్తాయి. రెండు పడితే ఇసుకదిబ్బెక్కి ఆగుతుంది. ఒకటి పడితే మామూలు రోజున వెనక్కి రావాలి. వరద రోజున మునక. మునిగినవాడు ఆ సంవత్సరమంతా మళ్ళీ ఆటలోకి రాకూడదు.

అన్నిటికంటే పెద్ద రూలు ఇంకోటి. చాప మీద ఉన్నంతసేపు ఎవరూ అసలు పేరు గాని, చుట్టరికపు వరస గాని పలకకూడదు. పలికితే ఆట తప్పినట్టే, లేచిపోవాలి. పడవవాడు, బేరగాడు, మంత్రసాని, ఏరు చెప్పే తులశమ్మ ఏటితల్లి. అంతే.

మొదటి రోజు అరగంటసేపు ఎవరూ పలకలేదు. చివరికి బేరగాడు గొంతు సవరించుకుని, "ఓయ్ పడవా! అవతలికి దాటిస్తావా?" అన్నాడు.

పడవవాడు ఇంటికప్పు వంక చూస్తూ, "ఉప్పు తడిస్తే నన్నడక్కూడదు" అన్నాడు.

తులశమ్మ వంటింట్లోకి వెళ్ళి, అవసరం ఏమీ లేకపోయినా, ఒక కుండ మూత తీసి మళ్ళీ పెట్టింది.

ఇక చూడాలి. బావా బావమరుదులు మాట్లాడుకోరు. పడవవాడూ బేరగాడూ మాత్రం తుఫాను పట్టినన్నాళ్ళూ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒకసారి పడవవాడు, "శొంఠి వేసుకోవయ్యా బేరగాడా, నీ దగ్గుకు నా పడవ ఊగిపోతోంది" అన్నాడు. ఏట్లో ఎవరికీ దగ్గు లేదు. దగ్గింది భావనారాయణ. ఎవరూ తప్పు పట్టలేదు. మర్నాడు ఎవరూ అడక్కుండానే బేరగాడు, "శొంఠి పనిచేసిందోయ్ పడవా" అన్నాడు. ఆట ముగించి చాప దులిపితే చాలు, మళ్ళీ "మీ తమ్ముడికి చెప్పు", "మీ ఆయనతో అను" మొదలు.

రూళ్ళు మొదట అయిదో ఆరో. ఏటేటా పెరిగాయి. తులశమ్మ వాటిని పాత క్యాలెండరు కాగితం వెనక రాసి గోడకు తగిలించింది. ప్రతి రూలు వెనకా ఒక తగాదా ఉంది, ప్రతి తగాదా వెనకా భావనారాయణ ఉన్నాడు. అతను రూలు మనిషి. ఉన్న ఏటికంటే రాసిన కాగితం మీద అతనికి నమ్మకం ఎక్కువ.

ఒకసారి తులశమ్మ, మార్పు కోసం, ఏట్లో ఎండాకాలం పెట్టింది. బయట కుంభవృష్టి. లోపల ఏరు ఎండిపోయింది. "చుక్క నీళ్ళు లేవు. ఇసుక అరికాళ్ళు కాలుస్తోంది" అంది.

"అయితే నడిచిపొండి" అన్నాడు పడవవాడు.

"ఎట్టా కుదురుద్ది? ఏరు దాటాలంటే పిక్కలెయ్యాలి. రాసుంది" అన్నాడు బేరగాడు.

"నీళ్ళు లేని ఏట్లో పిక్కలెందుకయ్యా?" అంది కోటిరత్నం. "నాకు చీర ఎగ్గట్టే పని కూడా లేదు. ఇట్టా అడ్డంపడి పోతా."

"ఏరు ఎండితే ఎండింది. రూలు ఎండలేదుగా!"

వేశారు. రెండు పడ్డాయి. పడవ ఇసుకదిబ్బెక్కి ఆగిపోయింది. ఏరంతా ఇసుకే అయినప్పుడు అందులో దిబ్బ ఏదో చూపించమని కోటిరత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. పడవవాడు మూతి బిగించాడు గాని భుజాలు కదిలాయి. బేరగాడు మాత్రం మళ్ళీ వంతు వచ్చేదాకా, ఆ లేని ఎండలో, ఆ లేని దిబ్బ మీద, తల మీద తువ్వాలు కప్పుకుని పట్టుదలగా కూర్చున్నాడు. ఆ సాయంత్రం కాగితం మీద ఇంకో రూలు చేరింది: ఏట్లో నీళ్ళుంటేనే పిక్కలు.

మనుషుల తీరు ఇదే. ముందు ఒక ఏటిని కల్పించుకుంటారు. ఆ ఏటికి సరిపడా రూలు రాసుకుంటారు. కొన్నాళ్ళకు, ఏరు రూలు ప్రకారం పారడం లేదని ఏటిని తిడతారు. రూలు మార్చాలంటే మాత్రం ఎవరో ఒకరు ఎండలో కూర్చోవాలి.

ఇంకో రూలు నేరుగా మాకు సంబంధించింది. పిక్కలు వేసినవాడే చదవాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఎంత పడిందో పైకి చెప్పకూడదు. ఒకసారి ఎవరి మోకాలో తగిలి మాలో ఒకతె బోర్లాపడితే, భావనారాయణ పట్టుబట్టి రాయించిన రూలు ఇది.

మార్కండేయులు మమ్మల్ని చదివే పద్ధతి కొంతకాలానికి మారింది. వేశాక ఒక్కొక్కరి మీదా చూపుడువేలు ఆనించి, ఆ వేలు కళ్ళకద్దుకునేవాడు. కోటిరత్నం మురిసిపోయింది. "చూశావా, మీ ఆయనకి పిక్కలంటే ఎంత భక్తో!" అంది. ఆ భక్తి వీధంతా పాకింది. అష్టాచెమ్మా ఆడుకునే ఇళ్ళల్లో కూడా పిక్కలు వేసి కళ్ళకద్దుకోవడం మొదలైంది.

అది భక్తి కాదని నాకు తెలుసు. ఆ వేలు నా చెంప మీద ఆగి, నునుపా గరుకా అని అడుగుతుంది. నునుపైతే నలుపు, గరుకైతే తెలుపు. నా రంగు మార్కండేయులుకు కనపడటం మానేసింది.

తులశమ్మకూ తెలుసు. అతను చీరల నేత మానేసి తువ్వాళ్ళకు దిగాడు. తెగిన పోగులు ఆవిడే అతుకుతోంది. ఈ యేడు బలవంతంగా పట్నం తీసుకెళ్తే, శుక్లాలు బాగా ముదిరాయి, వచ్చే శుక్రవారం ఆపరేషన్ల కాంపు ఉంది, అశ్రద్ధ చేస్తే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. మార్కండేయులు "చూద్దాంలే" అని ఊరుకున్నాడు. నేతగాడికి కళ్ళు లేవని వీధిలో తెలిస్తే నూలిచ్చే ఆసామి గడప తొక్కడని అతని భయం.

నూలు కండెలు చుడుతూ తులశమ్మ ఆ మాట కోటిరత్నంతో చెప్పుకుంది.

"అయ్యో, అయితే అది భక్తి కాదా?" అంది కోటిరత్నం, కాస్త నిరాశగా. "మరి మీ తమ్ముడికి చెప్పవేం వదినా? తమ్ముడి మాటయితే మీ ఆయన వింటాడుగా."

"వినేది వాడొక్కడి మాటే. మాట్లాడనిదీ వాడొక్కడితోనే. పైగా వాడికి చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నాడే."

అది సోమవారం. ఆ మర్నాడు మధ్యాహ్నం రేకుల మీద వాన పెళపెళ కొడుతోంది. మగ్గం గుంట అంచుదాకా నిండింది. ఆ గుంట పక్కనే చాప. ఇంట్లో కారని చోటు అదొక్కటే. తులశమ్మ ఏట్లో వరద పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలియాలి.

"ఎర్రనీళ్ళు. ఒడ్డు కోసుకుపోతోంది. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళఫెళా కాస్తోంది" అంది.

"మంచు పట్టింది" అన్నాడు పడవవాడు. "అవతలి ఒడ్డు కనపట్టల్లా."

బేరగాడు ముందుకు జరిగాడు. "వాతావరణం చెప్పేది ఏరు. పడవోడు కాదు. రాసుంది. అయినా మిట్టమధ్యాహ్నం, వరదలో, మంచేందయ్యా?"

"కనపట్టల్లా అన్నానుగా."

అందరూ ఏటి వంక చూశారు. తులశమ్మ కొంగు కొస మెలిపెట్టింది.

"మంచే" అంది. "చాన్నాళ్ళ నుంచీ పడుతోంది. నేనే చెప్పలేదు."

భావనారాయణ ఏదో అనబోయి ఆగాడు. అతను రూలు మనిషే గాని మొద్దు కాదు. అక్క మొహం చూశాడు. అప్పట్నుంచి అతని చూపు పడవవాడి చేతుల మీదే ఉంది.

"జాగర్తగా వెయ్యి పడవా" అంది కోటిరత్నం. "అవతల కవల పిల్లలు."

మార్కండేయులు మమ్మల్ని గుప్పిట్లో గిలకొట్టి వదిలాడు. ముగ్గురు చాప మీద పడ్డారు. నేను చాప అంచు తగిలి ఎగిరి, గుంటలో పడ్డాను. నా చప్పుడు వానలో కలిసిపోయింది. తరవాత చాప మీద జరిగింది నేను కళ్ళారా చూడలేదు. వాళ్ళు వందసార్లు చెప్పుకోగా విన్నాను.

మార్కండేయులు వేలు మొదటిదాని మీద ఆనింది. గరుకు. రెండోది నునుపు. మూడోదీ నునుపే. ఒక తెలుపు, రెండు నలుపులు. ఇక అంతా నా మీద ఉంది. నేను తెలుపైతే రెండు. పడవ దిబ్బెక్కి బతుకుతుంది. నలుపైతే ఒకటి, వరదలో ఒకటంటే మునక. పడవవాడు పోయినట్టే. పడవవాడు పోతే ఈ సంవత్సరానికి ఆ ఇద్దరి మధ్యా ఇక మాట లేదు. శుక్రవారం కాంపూ లేదు.

నాలుగోదాని కోసం వేళ్ళు చాప మీద నడిచాయి. కుడికి వెళ్ళి వచ్చాయి. ఎడమకు వెళ్ళి వచ్చాయి. మళ్ళీ మొదటి మూడింటినీ తడిమి, లెక్క సరిచూసుకుని, మళ్ళీ బయల్దేరాయి. కోటిరత్నం కప్పు వంక చూసింది. తులశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గుంటలో పడ్డ పిక్కకు రూలు లేదు. కాగితం మీద ముప్పైరెండు రూళ్ళున్నాయి. ప్రతి తుఫానుకూ ఆ గుంట నిండుతుంది. పిక్కలు ఆ గుంట పక్కనే వేస్తారు. అయినా పిక్క గుంటలో పడొచ్చని అన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు. ఎండిపోయిన ఏటికి రూలు రాసుకున్నవాళ్ళు, కళ్ళెదుట ఉన్న గుంటకు రాసుకోలేదు.

భావనారాయణ చెప్పెయ్యవచ్చు. కాని వేసినవాడే చదవాలి. ఆ రూలు రాయించింది తనే. అతని పెదాలు రెండుసార్లు కదిలాయట.

వేళ్ళు చాప దాటి, గచ్చు దాటి, గుంట అంచుకు వచ్చాయి. అక్కణ్ణించి నీళ్ళ మీదికి, ఏమీ లేని గాలిలోకి చాచి, ఆగాయి.

"భావనా" అన్నాడు మార్కండేయులు. "నాలుగోది ఏదిరా? నాకు కనపట్టల్లా."

వాన కొడుతూనే ఉంది. ఆ పేరు ఆ గొంతులోంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది.

భావనారాయణ చాపంతా మోకాళ్ళ మీద పాకి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "గుంటలో పడింది బావా. చెయ్యి ఎనక్కి తీసుకో, జారతావు."

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి గనక కోటిరత్నం అంది: "సరిపోయింది! ఒకరు పేరు పలికారు, ఒకరు వరస పలికారు. ఇద్దరూ తప్పారు, లేవండి. నట్టేట్లో నన్నొక్కదాన్నీ వదిలేసి పోండి!"

ఎవరూ లేవలేదు. తులశమ్మ ఏడుస్తోంది. ఏరు ఏడవకూడదని రూలు లేదు.

"ఎన్నాళ్ళ నుంచి బావా?" అన్నాడు భావనారాయణ.

"అమ్మాయి పెళ్ళి చీర నేసేటప్పటికే పోగు రెండు పోగులుగా కనపడేది."

భావనారాయణ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఎటో చూస్తూ, "నిద్రలో నేశావా అన్నాను" అన్నాడు.

"అన్నావులే. అంచు వంకరే గదా."

"శుక్రవారం పట్నంలో కంటి కాంపు ఉందంట" అంది ఏరు. ఒట్టు వేసింది తులశమ్మ గాని ఏరు కాదన్నట్టు, ఎవరి మొహమూ చూడకుండా అంది.

"నేను తీసుకుపోతా" అన్నాడు భావనారాయణ.

"మగ్గం మీద పడుగుంది" అన్నాడు మార్కండేయులు.

"అది నేను నేసి దించుతా."

"నువ్వా?"

"నేనే. కళ్ళొచ్చాక చూసి తిడుదువుగాని. లే."

శుక్రవారం ఇద్దరూ మొదటి బస్సుకు వెళ్ళారు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది సంక్రాంతి దాటాక చేస్తామన్నారు. వారానికి మార్కండేయులు నల్లద్దాలు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నూలిచ్చే ఆసామి వచ్చి ఆ నల్లద్దాలు చూసి, మళ్ళీ చీర పడుగు ఎప్పుడు ఎక్కిస్తావని అడిగి వెళ్ళాడు. ఇన్నేళ్ళు దాచిన భయం అంతసేపట్లో తీరిపోయింది.

మాటలు కలిశాయి గనక ఆట కూడా ఆగుతుందని తులశమ్మ అనుకుంది. నేనూ అనుకున్నాను. మనుషుల సంగతి మా ఇద్దరికీ అంతగా తెలియదని తేలింది. తొమ్మిదేళ్ళ మాటలు మిగిలిపోయిన ఇద్దరు మగవాళ్ళు, ఉన్న లోకం అంతా వదిలేసి, లేని ఏటి గురించి తగాదా పడ్డారు.

"ఒకటే పడింది బావా. పడవ మునిగింది" అంటాడు భావనారాయణ.

"రెండు. దిబ్బెక్కింది" అంటాడు మార్కండేయులు. రోజుకు పది మాటల మనిషి ఈ ఒక్క మాటనే రోజుకు పదిసార్లు అంటాడు.

"నీకు కనపడితేగా!"

"నీకు కనపడిందా?"

"అవతల కవలలకు బారసాల కూడా అయిపోయుంటుంది. నన్ను దించరేం?" అంటుంది కోటిరత్నం, వచ్చినప్పుడల్లా.

తులశమ్మ ఇంకో పిక్కను అరగదీస్తానంది. ఇద్దరూ ఒప్పుకోలేదు. పాత పందెం తేలకుండా కొత్తది వెయ్యకూడదట. ఆ రూలు ఎప్పుడు రాశారని ఆవిడ అడిగితే, ఇద్దరూ ఒకేసారి "అది రాయక్కర్లా" అన్నారు. బావా బావమరిదీ ఒక్కమాట మీద నిలబడింది అదే మొదలు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పడ్డ పిక్క పడ్డట్టే ఉంటుంది. గుంటలో నీళ్ళు తీశాక ఎలా ఉంటే అదే లెక్క. తెలుపైతే తెలుపు, నలుపైతే నలుపు. ఇంక నోరెత్తకూడదు.

కార్తీకం వెళ్ళేసరికి నీరు ఇంకింది. మళ్ళీ మగ్గం ఆడాలంటే గుంట బాగుచెయ్యాలి. తులశమ్మ చీర బిగించి, ఎర్రమట్టీ పేడా కలిపిన తట్టతో గుంటలోకి దిగింది. పైన ఇద్దరూ అంచు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, ఒకటని ఒకరు, రెండని ఒకరు వాదించుకుంటున్నారు.

ఆవిడ వేళ్ళతో బురద కెలికి, నా దగ్గర ఆగింది.

నేను బురదలో నిలువునా దిగబడి ఉన్నాను. ఒక చెంప అటు, ఒక చెంప ఇటు. తెలుపూ కాదు, నలుపూ కాదు. వాళ్ళ లెక్కలో నేను పడనే లేదు.

తులశమ్మ నన్ను చూసింది. తలెత్తి పైన ఇద్దర్నీ చూసింది. "నీ మొహం, రెండంట రెండు" అని తమ్ముడు అంటున్నాడు. "నోర్ముయ్యరా, నాకిప్పుడు కనపడుద్ది" అని భర్త అంటున్నాడు.

"దొరికిందా అక్కా?" అన్నాడు భావనారాయణ.

ఆవిడ బొటనవేలితో నన్ను మెత్తగా లోపలికి నొక్కింది. తట్టలోంచి గుప్పెడు మట్టి తీసి, పైన వేసి, అరచేత్తో అలికింది.

"లేదురా" అంది.

పైన మళ్ళీ మొదలైంది.